యుద్ధానంతర తర్పణము
(మహాలయపక్ష ఉపన్యాసము)





మహాలయపక్షము పితృదేవతలను స్మరించుకొను పక్షము. ఈ పదిహేను దినములును మన పూర్వులు మన వాకిట నిలిచి, మనమిచ్చు తిలోదకమునకై ఎదురుచూచుచుందురని పెద్దలు చెప్పుదురు. కావున ఈ సభలో మృతులను గూర్చియే మాటలాడవలెనని సంకల్పించితిని. అయితే నేను చెప్పబోవునది ఒక యింటి మృతులను గూర్చి కాదు, ఒక రాజ్యములోని మృతులను గూర్చి.

సర్వధారి నామ సంవత్సర భాద్రపద శుద్ధ చతుర్దశి, అనగా 1948 సెప్టెంబరు 17వ తేదీ శుక్రవారము, హైదరాబాదు సంస్థానాధీశుడగు నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాల్పుల విరమణను ప్రకటించెను. మరునాడు పూర్ణిమ. ఆనాడు సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ భారతసేన పక్షమున వచ్చిన మేజర్ జనరల్ చౌధురి యెదుట లొంగిపోయెను. ఆ మరునాడే మహాలయపక్షము ప్రవేశించెను. యుద్ధము ముగియుటయు, పితృపక్షము మొదలగుటయు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి.

ఆ సెప్టెంబరు 17ను కొందరు విమోచనదినమందురు, కొందరు విలీనదినమందురు, మరికొందరు విద్రోహదినమందురు. పేరును గూర్చిన వివాదము నాకు వలదు. నేను విచారింపదలచినది రాజధర్మమునకు సంబంధించిన ప్రశ్న. ప్రజల ప్రాణనష్టమును ఆపుటకు ప్రభుత్వము సేనను పంపవచ్చునా? పంపినయెడల, ఆ సేన అడుగుపెట్టిన పిమ్మట పోయిన ప్రాణములకు ఎవరు ఉత్తరవాదులు?

నాటి స్థితి

హైదరాబాదు చిన్న సంస్థానము కాదు. తెలంగాణము, మరాఠవాడ, కన్నడ జిల్లాలు కలిసి 82,000 చదరపు మైళ్లకు పైబడిన దేశము. 1941 జనాభా లెక్కల ప్రకారము 1 కోటి 60 లక్షలకు మించిన జనము. అందు నూటికి ఎనుబదిమందికి పైగా హిందువులు, ప్రభువు ముస్లిము. ఇందులో దోషమేమియు లేదు. ఏ మతము వాడైనను ప్రజను రక్షించువాడు ప్రభువే. రక్షణ తప్పినపుడే దోషము కలుగును.

1947 ఆగస్టు తరువాత నిజాము భారతదేశమున చేరక స్వతంత్రుడుగా ఉండగోరెను. ఆ నవంబరు 29న ఒక సంవత్సరమునకు యథాతథ ఒప్పందము జరిగెను. కాగితముపై శాంతి కుదిరినది గాని గ్రామములలో కుదురలేదు. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు కాసిం రజ్వీ నడిపిన రజాకారు దళములు ఊళ్లపై పడుచుండెను. జాతీయజెండా ఎత్తినవారు, దొరల వెట్టిచాకిరిని ఎదిరించిన రైతులు, అట్టివారికి ఒక పూట అన్నము పెట్టినవారు సైతము వారికి శత్రువులైరి.

ఒప్పందమునకు ముందే, 1947 సెప్టెంబరు 2న, పరకాలలో జెండా ఎగురవేయ వచ్చిన జనముపై కాల్పులు జరిగి ఇరువదిమందికి పైగా మరణించిరి. 1948 ఆగస్టు 27న, నేటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో, ఊరి బురుజును ఆధారముగా చేసికొని అంతకుముందు ఎదిరించి నిలిచిన గ్రామస్థులను చుట్టుముట్టి ఎనుబదిమందికి మించి చంపిరి. ఆ బురుజు నేటికిని నిలిచియున్నది. పోయి చూచినవారికి ఉపన్యాసముతో పనిలేదు.

ఆ ఆగస్టు మాసములోనే హైదరాబాదు నగరమున మరియొక ఘోరము జరిగెను. 'ఇమ్రోజ్' అను ఉర్దూ పత్రికకు సంపాదకుడు షోయబుల్లా ఖాన్. ఆయన యువకుడు. సంస్థానము భారతదేశమున చేరవలెననియు, రజాకార్ల చేష్టలు అన్యాయములనియు వ్రాసెను. అందులకు రాత్రివేళ ఆయనను వీథిలో చంపిరి, వ్రాసిన చేతిని నరికిరి. ఆయన ముస్లిము. ఈ మాటను మనస్సున ఉంచుకొనుడు. నాడు ధర్మమునకును అధర్మమునకును నడుమ గీచిన గీత మతమునకును మతమునకును నడుమ గీచినది కాదు.

సామదానములు

దండము నాలుగవ ఉపాయము. మొదటి మూడును నిజముగా నడచిన పిమ్మటనే దానికి చోటు. ఉద్యోగపర్వమున పాండవులు తమకు న్యాయముగా రావలసిన అర్ధరాజ్యమును వదలి ఐదూళ్లు చాలుననిరి. శ్రీకృష్ణుడు స్వయముగా దూతయై వెళ్లెను. దుర్యోధనుడు వినడని ఆయనకు తెలియదా? విదురుడు ఆ మాటయే అడిగెను. సమర్థుడై యుండియు కృష్ణుడు ఆపలేదని లోకము అనకుండుటకు వచ్చితినని స్వామి బదులుచెప్పెను. ఫలించునా ఫలింపదా అనునది దూత వశములో లేదు. ప్రయత్నము మాత్రము అతని వశములోనిదే.

1948లో ఢిల్లీ ప్రభుత్వము పలుమాసములు చర్చలు జరిపెను. మౌంట్‌బాటన్ గవర్నరు జనరలుగా నుండగనే జూను మాసమున ఒక ముసాయిదా సిద్ధమయ్యెను. సంస్థానమునకు అది చాల అనుకూలమైనదే అయినను నిజాము అంగీకరింపలేదు. సెప్టెంబరు ఆరంభమున ప్రభుత్వము రజాకార్లను నిషేధింపుమనియు, సికింద్రాబాదున భారతసేనను నిలుపనిమ్మనియు కోరెను. అదియు నిరాకరింపబడెను. సెప్టెంబరు 13న సేనలు షోలాపురము వైపునుండియు, బెజవాడ వైపునుండియు, మరికొన్ని దిక్కులనుండియు ప్రవేశించెను. ప్రభుత్వము దానికి 'పోలీసు చర్య' అని పేరుపెట్టెను.

ఢిల్లీవారిని కదలించినది ప్రజలపై దయ ఒక్కటే యని చెప్పినచో అది సత్యము కాదు. దేశము నడిబొడ్డున స్వతంత్రరాజ్యము వెలయుట వారికి సమ్మతము కాదు. రాజ్యప్రయోజనమును, ప్రజారక్షణమును ఒకే రథమెక్కి వచ్చినవి. లోకములో రాజకార్యములు చాలవరకు ఇట్లే యుండును. అందుచేతనే ఫలమును మిక్కిలి జాగ్రత్తతో పరిశీలింపవలెను.

పూర్వపక్షము, సిద్ధాంతము

ఇచ్చట మొదటి పూర్వపక్షము. 'యుద్ధమన్నచో హత్య. హత్యను హత్యతో ఆపరాదు. కావున సేనను పంపుటయే తప్పు.' ఇది సన్యాసి నోట శోభించు మాట. ఆయనకు రక్షింపవలసిన ప్రజ లేదు. రాజు సంగతి వేరు. శాంతిపర్వమున భీష్ముడు చెప్పినదేమనగా, రక్షింపబడిన ప్రజ చేయు పుణ్యములో నాలుగవ పాలు రాజునకు చెందును, రక్షణలేని ప్రజ చేయు పాపములోను నాలుగవ పాలు అతనికే చెందును. అనగా ఊరకుండుటయు ఒక కర్మయే, దానికిని ఫలము కలదు. బైరాన్‌పల్లి తరువాత గూడ చేతులు కట్టుకొని కూర్చున్న ప్రభుత్వము అహింసను పాటించినట్లు కాదు. చంపువానికి మరికొంత కాలము ఇచ్చినట్లు. కావున సేనను పంపుట రాజధర్మమునకు విరుద్ధము కాదని నా నిశ్చయము.

రెండవ పూర్వపక్షము. 'ఐదు దినములలో పని ముగిసినది. మన సేనలో చనిపోయినవారు నూరుమందికి లోపే. సంస్థానపు సైనికులలోను, రజాకార్లలోను చనిపోయినవారు అంతకు ఎన్నోరెట్లు కావచ్చును గాని వారు ఆయుధము పట్టినవారు. జయము కలిగినది, ప్రజ విముక్తి పొందినది. ఇంకేమి విచారణ?' సభలలో సాధారణముగా ఈ మాటతో చప్పట్లు కొట్టి లేచిపోవుదురు. నేను మిమ్ములను లేవవద్దని వేడుచున్నాను. అసలు విచారణ ఇచ్చటనే మొదలగుచున్నది.

మనువు ఏడవ అధ్యాయమున రాజధర్మమును చెప్పుచు, దేశమును జయించిన రాజు మొదట దేవతలను, ధార్మికులైన బ్రాహ్మణులను పూజించి, ప్రజకు అభయమును చాటింపవలెననెను. ఓడిన రాజవంశమువానినే అచ్చట నిలుపవలెననెను, ఆ దేశాచారములను మన్నింపవలెననెను. అంతకుముందే, ఆయుధము లేనివానిని, చేతులు జోడించినవానిని, నిద్రించువానిని, పోరాడక చూచుచున్నవానిని చంపరాదని నిషేధించెను. యుద్ధము శత్రువు లొంగుటతో పూర్తికాదని దీని తాత్పర్యము. అభయము చిట్టచివరి గుడిసె వరకు చేరినపుడే అది పూర్తియగును.

1948లో అభయము ఎవరికి చేరినది? నిజామునకు చేరినది. 1950 జనవరి 26 మొదలు 1956లో రాష్ట్ర పునర్విభజన వరకు ఆయనయే రాజప్రముఖుడుగా నుండెను. ఓడిన రాజును అవమానింపకుండుట మనువు మాటకు సరిపోయినదే. కాసిం రజ్వీకి చెరసాల కలిగినది గాని 1957లో విడుదలయై పాకిస్తానునకు పోయెను. ప్రధానిగా నుండిన లాయక్ అలీ 1950లోనే తప్పించుకొని అచ్చటికే చేరెను. పెద్దలందరును ప్రాణములతో బయటపడిరి.

పల్లెలలోనివారికి ఏమైనది? ప్రధానమంత్రి నెహ్రూ కోరికపై పండిత సుందరలాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అను మువ్వురు 1948 నవంబరు చివర మొదలుపెట్టి డిసెంబరు 21 వరకు సంస్థానమున తిరిగి నివేదిక వ్రాసిరి. పోలీసు చర్య జరుగుచున్నప్పుడును, జరిగిన వెంటనేయు చంపబడినవారు తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 వరకు ఉందురని అందు అంచనా కట్టిరి. వారిలో అత్యధికులు ముస్లిములు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో నష్టము మిక్కిలి ఎక్కువ. మన నల్గొండ, మెదకు జిల్లాల పేర్లును అందున్నవి. కొన్నిచోట్ల సేనలోనివారే దోపిడికి, హత్యకు తోడుపడిరనియు, మరి యనేకచోట్ల ఆ సేనయే నిలువరించి ప్రజను కాపాడెననియు వ్రాసిరి. ఈ నివేదికను ప్రభుత్వము దీర్ఘకాలము ప్రకటింపలేదు. 2013 ప్రాంతమున ఢిల్లీలోని ఒక గ్రంథాలయమున పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చినది.

అంకెను గూర్చి వాదములు కలవు. ఎక్కువ చెప్పిరని కొందరందురు. సరియే, సగమనుకొందము, సగములో సగమనుకొందము. అప్పటికిని ఐదు దినముల యుద్ధములో చనిపోయినవారికంటె పిమ్మట చనిపోయినవారే ఎక్కువయగుచున్నారు. ప్రాణరక్షణ కొరకు బయలుదేరిన కార్యమునకు ఇది సామాన్యమైన శేషము కాదు.

ఆ రెండవ పక్షమువారికే ఇంకొక మాట కలదు. రజాకార్లు అణగిన పిమ్మట అదే సేన భూమికొరకు పోరాడుచున్న తెలంగాణ రైతుదళములపైకి మరలెను. 1951 అక్టోబరులో ఆ పోరాటము నిలిచిపోవు వరకు సుమారు 4,000 మంది చనిపోయిరని దాని నాయకులు లెక్కచెప్పిరి. వారిలో ఎక్కువమంది నిన్నటివరకు రజాకార్లను ఎదిరించిన ఊళ్లవారే. రైతుదళముల మార్గముతో నాకు ఏకీభావము లేదు. కాని రక్షింపబడవలసిన ప్రజయే మరల తుపాకి యెదుట నిలిచినదనుట సత్యము.

అశ్వత్థామ వాదము

మూడవ పూర్వపక్షము మనలో చాలమంది మనస్సులలో నున్నది. పైకి అనుటకు సంకోచింతురు. 'వారే మొదట చేసిరి గదా! చేసినదానికి అనుభవించిరి.'

దీనికి సమాధానము సౌప్తికపర్వమున కలదు. అశ్వత్థామ దుఃఖము అబద్ధము కాదు. అతని తండ్రి ద్రోణుడు ఆయుధము విడిచి కూర్చుండగా చంపబడెను. అతనికి కోపము రాదనుట ఎట్లు? కాని అతడేమి చేసెను? యుద్ధము ముగిసిన రాత్రి, శిబిరమున నిద్రించుచున్నవారిని చంపెను. ధృష్టద్యుమ్నునితో నిలువక ద్రౌపది బిడ్డలను గూడ చంపెను. ఆ బాలురు ద్రోణుని చంపలేదు. పోగొట్టుకొన్నది నిజమే యైనను, పుచ్చుకొన్నది తనకు రావలసినది కాదు. అందుచేత అతడు మూడువేల సంవత్సరములు మానని వ్రణములతో, మాటలాడు మనిషి లేక తిరుగవలసినవాడయ్యెను.

ఉస్మానాబాదు జిల్లాలో మగ్గము ముందు కూర్చున్న నేతవాడు బైరాన్‌పల్లికి రాలేదు. వచ్చినవారి మతమును, అతని మతమును ఒకటే, అంతమాత్రమే. మతము ఒకటైనంత మాత్రమున పాపము పంచుకొనవలెనన్నచో, షోయబుల్లా ఖాన్ ప్రాణత్యాగమును ఏ లెక్కలో వేయుదుము?

నాడు అశ్వత్థామలు మాత్రమే కాదు, ధర్మము తెలిసినవారును ఉండిరి. పొరుగింటి ముస్లిములను తమ ప్రాణములకు తెగించి దాచి కాపాడిన హిందువులు పలువురు కలరని ఆ నివేదికయే సాక్ష్యమిచ్చుచున్నది. హిందూ నేతపనివారు తమతోటి ముస్లిము నేతపనివారి పక్షమున నిలిచిరని ప్రత్యేకముగా చెప్పినది. ప్రభుత్వము చాటవలసిన అభయమును ఈ పేదవారు తమ యింటి గడపలోనే చాటిరి. వీరి పేర్లు శిలాఫలకములపై లేవు. 1948లో మన పక్షమున గర్వింపదగినవారు ఎవరని నన్నడిగినచో మొదట వీరిని చూపుదును.

కుంతి చెప్పిన మాట

స్త్రీపర్వము చివర యుద్ధము ముగిసిన పిమ్మట ధృతరాష్ట్రుడు ధర్మరాజును మృతుల సంఖ్య అడుగును. ధర్మరాజు తడబడక 166 కోట్ల 20 వేలని చెప్పును. ఈ అంకెను గణితముగా కాక, రాజు లక్షణముగా చూడుడు. గెలిచినవాడు ఇరుపక్షముల మృతులను లెక్కించి యుంచెను! పిమ్మట దుర్యోధనునితో మొదలుపెట్టి అందరికిని దహనసంస్కారములు చేయించెను. దూరదేశములనుండి వచ్చి దిక్కులేక పడియున్నవారిని గూడ కుప్పలుగా చేర్పించి, విదురుని చేత అగ్నిసంస్కారము చేయించెను.

అటుపిమ్మట అందరును గంగయొద్దకు తర్పణమునకు పోయిరి. అచ్చట కుంతి ఏడ్చుచు, కర్ణునికిని నీరు విడువుడు, అతడు మీకు పెద్దన్న, అని చెప్పెను. యుద్ధమున ఎవని తలకొరకు వెదకిరో అతడు తమ తల్లి కడుపున మొదట పుట్టినవాడు! ఈ సత్యము రణరంగమున తెలియలేదు. విజయోత్సవమున తెలియలేదు. శత్రువునకు గూడ తిలోదకము విడువవలెనని నీటిలో దిగినపుడు తెలిసినది. శత్రుపక్షపు మృతులను లెక్కింపకయే ఇంటికి మరలినచో, తాను చంపినది అన్ననని ధర్మరాజునకు ఎన్నటికిని తెలిసియుండెడిది కాదు.

నేను పాఠశాలలో చదువుకొను దినములలో మా గురువుగారు మహాలయ తర్పణము ముగించునపుడు, తల్లిగాని, తండ్రిగాని, బంధువుగాని లేనివారికి అని విడుచు తిలోదకము దగ్గర కొంతసేపు ఆగెడివారు. వారిది మెదకు జిల్లాలోని పల్లె. ఒకనాడు కారణమడిగితిని. 'ఆ యేడు మా ఊరిలో రజాకార్లు చంపినవారును ఉన్నారు, తరువాత మావారు చంపినవారును ఉన్నారు. పేర్లన్నియు నాకు తెలియవు. అందుకే ఆగుచున్నాను' అనిరి. 'అన్యమతస్థులకు తర్పణము శాస్త్రసమ్మతమా?' అంటిని. బాల్యచాపల్యము. వారు కోపింపక, 'బంధువులేనివారికి అని మంత్రములోనే యున్నది. ఏ మతపువారికని అందులో లేదు. నీవేల చేర్చుచున్నావు?' అనిరి. ఆనాటినుండి ఆ ఉదకము వద్ద నేనును ఆగుచున్నాను.

నిగమనము

ఇక నిశ్చయమును చెప్పి ముగింతును. ప్రజల ప్రాణనష్టము ప్రభుత్వమునకు సేనను పంపు అధికారమును ఇచ్చును. 1948లో ఆ అధికారము కలిగినది, కార్యమును ధర్మమే. కాని ఏ త్రాసులో బైరాన్‌పల్లి మృతులను తూచి సేనను పంపితిమో, అదే త్రాసులో ఉస్మానాబాదు మృతులను గూడ తూచవలెను. మొదటి తూకమునకు ఒక త్రాసును, రెండవదానికి మరియొక త్రాసును వాడినచో, మనము ప్రాణములను లెక్కించినట్లు కాదు, పక్షములను లెక్కించినట్లు. అట్టివానికి తరువాత ఎన్నడును సేనను పంపు అధికారముండదు.

కావున ఏ కాలమునందైనను, ఏ ప్రభుత్వమైనను ప్రజారక్షణకై యుద్ధమునకు పోవుచున్నానన్నపుడు, పౌరులమైన మనము మూడు ప్రశ్నలు అడుగవలెను. సామదానములు నిజముగా నడచినవా? ఆయుధము పట్టనివాడు విడువబడుచున్నాడా? గెలిచిన మరునాడు అభయము చాటుటకు మనుష్యులు సిద్ధముగా నున్నారా? మూడవ ప్రశ్నను ముందే అడుగవలెను. గెలిచిన తరువాత అడుగుటకు ఎవరికిని తీరిక యుండదు. 1948లో అయిదు దినముల యుద్ధమునకు నెలల తరబడి సన్నాహము జరిగినది. మరునాటి అభయమునకు అంత సన్నాహము జరుగలేదు.

భక్తులారా! ఈ అమావాస్యనాడు మీరు కోనేటిలోనో, నదిలోనో, ఇంటి పెరటిలోనో తర్పణము విడుతురు. మీ మూడు తరములవారికి విడువుడు. చివర దిక్కులేనివారికి విడుచు ఉదకము వద్ద ఒక్క నిమిషము నిలువుడు. బైరాన్‌పల్లి బురుజు క్రింద పడినవారు, పరకాలలో జెండాచేత పడినవారు, బీదరు, నాందేడు పల్లెలలో తలుపులు విరుగగా పడినవారు, పొరుగువానిని దాచి తాము పడినవారు, వీరిలో ఎవరెవరికి నీరు విడుచువారు మిగిలిరో మనకు తెలియదు. తెలియనివారందరికిని ఆ దోసెడు చాలును.

స్వస్తి.